ఇయాన్ హరికేన్, రెండు కేర్ హోమ్‌లు: సూచనను ఎంత నమ్మాం, ఎప్పుడు కదిలాం

ఫ్లోరిడా పశ్చిమ తీరంలో వృద్ధుల కేర్ హోమ్‌లకు అత్యవసర ప్రణాళికలు రాయడం, తుఫాను వచ్చినప్పుడు దగ్గరుండి వాటిని అమలు చేయించడం నా ఉద్యోగం. 2022 సెప్టెంబర్‌లో ఇయాన్ హరికేన్ వచ్చినప్పుడు ఒకే యాజమాన్యానికి చెందిన రెండు హోమ్‌లు నా కింద ఉన్నాయి. ఒకటి టాంపాలో, బే ఒడ్డుకు దగ్గరగా, ఉప్పెన ముప్పు వల్ల అందరికన్నా ముందు ఖాళీ చేయించే ఎవాక్యుయేషన్ జోన్ ఏలో. రెండోది దక్షిణాన రోడ్డు మీద దాదాపు 210 కిలోమీటర్ల దూరంలో, ఫోర్ట్ మైయర్స్‌లో, కలూసహాచీ నదికి కాస్త ఎడంగా, ఆ తర్వాతి వంతైన జోన్ బీలో. రెండింట్లో కలిపి రెండు వందల పైచిలుకు మంది ఉండేవారు. సగానికి పైగా వీల్‌చైర్ల మీద, కొందరు ఆక్సిజన్ మీద, చాలామంది మతిమరుపు జబ్బుతో. ఇక్కడ రాసేది ఆ వారం ఏ సమాచారాన్ని చూసి ఏ నిర్ణయం తీసుకున్నామో, ఎందుకు తీసుకున్నామో. హోమ్‌ల పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేను ఉద్యోగంలో చేరకముందు ఎవరో రాసిపెట్టిన ఏర్పాటు ఒకటి ఫైల్లో ఉండేది. టాంపా హోమ్ ఖాళీ చేయాల్సి వస్తే అందరినీ ఫోర్ట్ మైయర్స్ హోమ్‌కు పంపాలి, ఫోర్ట్ మైయర్స్ ఖాళీ చేయాల్సి వస్తే టాంపాకు. యజమాని ఒక్కరే, మందుల రికార్డులు ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి, బయటివాళ్లకు డబ్బు కట్టే పని లేదు. కాగితం మీద ఇంతకన్నా చవకైన ఏర్పాటు దొరకదు. ఈ కేసంతా ఆ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది.

రెండు వైపులా ప్రాణాలే

తుఫాను సూచనను నమ్మాలా వద్దా అని అడిగేవాళ్లలో చాలామంది మనసులో ఒక లెక్క ఉంటుంది. నమ్మి ఖాళీ చేసి వెళ్తే, తుఫాను రాకపోయినా పోయేది పెట్రోలూ రెండు రోజుల జీతమే కదా అని. కారెక్కి తన కాళ్ల మీద దిగగలిగినవాళ్లకు ఆ లెక్క సరిపోతుంది. ఎనభై ఏళ్ల మంచం మనిషికి సరిపోదు.

2005లో నాలుగు వారాలు కూడా తిరక్కుండా జరిగిన రెండు సంఘటనలను ఈ రంగంలో ఎవరూ మరచిపోరు. ఆగస్టు 29న కత్రినా హరికేన్ వచ్చినప్పుడు లూసియానాలోని సెయింట్ బెర్నార్డ్ ప్యారిష్‌లో ఒక వృద్ధాశ్రమాన్ని ఖాళీ చేయలేదు. నీళ్లు ముంచెత్తి 35 మంది చనిపోయారు. సెప్టెంబర్ 23న, రీటా హరికేన్ హ్యూస్టన్ మీదికి వస్తోందని అక్కడి నుంచి వృద్ధులను తీసుకెళ్తున్న ఒక బస్సు డాలస్ దగ్గర హైవే మీద అంటుకుంది. లోపలున్న ఆక్సిజన్ సిలిండర్లు పేలాయి. 23 మంది చనిపోయారు. ఆ మర్నాడు రీటా హ్యూస్టన్‌ను వదిలేసి తూర్పున టెక్సస్, లూసియానా సరిహద్దు దగ్గర తీరం దాటింది.

ఇంతటి ప్రమాదం జరగకపోయినా తరలింపు అంటేనే ముప్పు. గల్ఫ్ తీరపు తుఫాన్ల తర్వాత జరిగిన అధ్యయనాల్లో, తరలించిన మతిమరుపు రోగుల్లో తర్వాతి నెలల్లో మరణాలు పెరిగినట్టు తేలింది. తెలియని గది, తెలియని మొహాలు, వేళ తప్పిన మందులు, బస్సులో గంటల తరబడి కూర్చోవడం వాళ్ల ఒంటికి పెద్ద దెబ్బే. అలాగని కదలకుండా ఉంటే నిశ్చింతా అంటే అదీ లేదు. 2017లో ఇర్మా హరికేన్ తర్వాత హాలీవుడ్ అనే ఊళ్లో (ఫ్లోరిడాలోనే, సినిమాల హాలీవుడ్ కాదు) ఒక కేర్ హోమ్‌లో ఏసీ ఆగిపోయి, ఉక్కపోతకే 12 మంది చనిపోయారు. అక్కడికి ఉప్పెనా రాలేదు, పైకప్పూ ఎగరలేదు. ఆ తర్వాతే రాష్ట్రం చట్టం తెచ్చింది: కరెంటు పోయినా 96 గంటల పాటు లోపల 81 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకుండా చూసే జనరేటర్, దానికి సరిపడా ఇంధనం ఉండాలి.

అందుకే నా దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న మారిపోతుంది. నాకు కావలసినవి రెండు సంగతులు: ఈ బిల్డింగ్‌లోకి నీళ్లు వచ్చే అవకాశం ఎంత, బస్సులు రోడ్డెక్కగలిగే ఆఖరి గంట ఏది.

శుక్రవారం నుంచి ఆదివారం దాకా

సెప్టెంబర్ 23 శుక్రవారం కరీబియన్‌లో వాయుగుండం ఏర్పడింది. మయామిలోని నేషనల్ హరికేన్ సెంటర్ ఇచ్చిన మొదటి బులెటిన్లలో తుఫాను వెళ్లే దారిని చూపే గీత నైరుతి ఫ్లోరిడా వైపు, అంటే ఫోర్ట్ మైయర్స్ వైపే ఉంది. శనివారం, ఆదివారం వచ్చేసరికి గీత ఉత్తరానికి జరిగింది. తుఫాను గల్ఫ్‌లో టాంపాకు దూరంగా పైకి వెళ్లి, బిగ్ బెండ్ అనే వంపు దగ్గర తీరం దాటుతుందని చూపించింది. సోమవారానికి గీత మళ్లీ తూర్పుకు జరిగి టాంపా బే దగ్గరికి వచ్చింది. మంగళవారం ఉదయానికి ఇంకా దక్షిణానికి దిగింది, రాత్రికి ఫోర్ట్ మైయర్స్‌కు కాస్త ఉత్తరాన ఉన్న షార్లెట్ హార్బర్ చేరింది. ఎక్కడ మొదలైందో దాదాపు అక్కడికే వచ్చి ఆగింది.

గీత ఇలా ఎందుకు ఊగిందో తెలిస్తే నమ్మకం సంగతి సగం తేలిపోతుంది. ఉత్తరం నుంచి పై గాలుల్లో ఒక ద్రోణి దిగుతోంది. అది తుఫానును పట్టుకుని ఈశాన్యానికి లాగాలి. ఎంత త్వరగా పట్టుకుంటుంది, ఎంత గట్టిగా లాగుతుంది అన్న దాని మీద మోడళ్లకు, అంటే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములకు, ఏకాభిప్రాయం లేదు. అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్ మోడల్ ఆలస్యంగా అంటూ తుఫానును పడమటికి తోసింది. యూరప్ మోడల్ తొందరగా అంటూ తూర్పున ఉంచింది. మామూలుగా అయితే ఈ తేడా అంత పెద్దది కాదు. కానీ ఇక్కడ తుఫాను క్యూబా మీదుగా ఉత్తరానికి, తీరానికి దాదాపు సమాంతరంగా వస్తోంది. తీరానికి ఎదురుగా వచ్చే తుఫాను దిశ రెండు డిగ్రీలు తప్పితే పక్క ఊళ్లో తీరం దాటుతుంది. ఒడ్డు పక్కనే నడిచే తుఫాను అదే రెండు డిగ్రీలు తప్పితే తీరం దాటే చోటు వంద కిలోమీటర్లు మారిపోతుంది.

ఇది ఇక్కడ కొత్త కూడా కాదు. 2004 ఆగస్టు 13న చార్లీ హరికేన్ విషయంలో టీవీలో గీత టాంపా మీదే ఉంది. ఆఖరి గంటల్లో చార్లీ కుడికి తిరిగి, ఫోర్ట్ మైయర్స్ ఎదురుగా ఉన్న కాయో కోస్టా అనే దీవి దగ్గర గంటకు 240 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. పద్దెనిమిదేళ్ల తర్వాత ఇయాన్ కూడా అదే దీవి దగ్గర, అంతే గాలితో తీరం దాటింది.

గీత చుట్టూ తెల్లగా గీసే కోన్ గురించి ఒక మాట. తుఫాను కేంద్రం ఆ కోన్ లోపల ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. గత ఐదేళ్ల సగటు తప్పులను బట్టి ఆ వెడల్పు నిర్ణయిస్తారు. అంటే మూడింట ఒకసారి కేంద్రం కోన్ బయటికి పోవచ్చని వాళ్లే చెబుతున్నారు. పైగా అది కేంద్రం ఎక్కడుంటుందో చెప్పే బొమ్మ. నీళ్లు ఎక్కడికి వస్తాయో, గాలి ఎంత దూరం కొడుతుందో అందులో ఉండదు. ఆదివారం నాటి బొమ్మలో ఫోర్ట్ మైయర్స్ కోన్ కుడి అంచున ఉంది. ఆ అంచు చూసి ఊపిరి పీల్చుకున్న వాళ్లు చాలామంది.

ఆదివారం సాయంత్రం యాజమాన్యంతో కాల్. టాంపా మీదికి వచ్చేలా ఉంది కాబట్టి ఫైల్లో ఉన్నట్టు అందరినీ ఫోర్ట్ మైయర్స్‌కు పంపుదామన్నారు. అక్కడ ఖాళీ మంచాలు ఉన్నాయి, అదనపు స్టాఫ్ ఉన్నారు, పైసా ఖర్చు లేదు. నేను వద్దన్నాను. చెప్పిన కారణం ఒక్కటే: ఈ తుఫాను తీరం వెంట నడుస్తోంది, కాబట్టి తీరం వెంట పరుగెత్తి దాన్ని తప్పించుకోలేం. రెండు ఊళ్లూ ఒకే గీత మీద ఉన్నట్టే లెక్క. కదిలితే తీరానికి అడ్డంగా, లోపలికి కదలాలి.

డబ్బు మాట వచ్చింది, రావాల్సిందే. బయటి హోమ్‌లో మంచాలు తీసుకుంటే రోజుకు మనిషికి ఇంత అని కట్టాలి. గంటకు పైగా వాదన నడిచింది. చివరికి తేల్చింది నా వాదన కాదు, ఒక మ్యాపు. ఆ రాత్రి హరికేన్ సెంటర్ ఉప్పెన అవకాశాల మ్యాపులో ఫోర్ట్ మైయర్స్, కేప్ కోరల్ ప్రాంతానికి ఆరడుగులు దాటే నీళ్లు వచ్చే అవకాశం 10 నుంచి 40 శాతం అని ఉంది. గీత ఎక్కడో ఉత్తరాన ఉన్నా సరే. టాంపా వాళ్లను పంపాలనుకుంటున్న బిల్డింగ్‌కే నీటి గండం ఉందని స్క్రీన్ మీద చూపించాక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

సోమవారం: వెనక్కి లెక్క

హరికేన్ ఎప్పుడు తీరం దాటుతుందన్నది నాకు పెద్దగా పనికిరాదు. గాలి గంటకు 63 కిలోమీటర్లు దాటితే ఎత్తయిన బస్సులను వంతెనల మీదికి పంపలేం, ఇంకాస్త పెరిగితే అంబులెన్సులూ ఆగిపోతాయి. కాబట్టి నా గడువు ఆ గాలి మా ఊరికి మొదట తాకే గంట. హరికేన్ సెంటర్ దీనికోసం విడిగా ఒక మ్యాపు ఇస్తుంది. అందులో రెండు రకాల సమయాలు ఉంటాయి. ఒకటి గాలి ఎక్కువగా ఎప్పుడు రావచ్చో చెప్పేది, రెండోది ఎంత త్వరగా వచ్చే అవకాశం ఉందో చెప్పేది. అంతకన్నా ముందే వచ్చేసే అవకాశం పదింట ఒకటి అని ఆ రెండో దాని అర్థం. వృద్ధుల తరలింపుకు ఈ రెండోదే వాడాలి. సాధారణ జనానికీ ఇదే వాడమని చెబుతాను. హరికేన్ సెంటర్ ఇచ్చే వాటన్నిటిలో ఇది అందరికన్నా తక్కువమంది చూసేది, అందరికన్నా ఎక్కువ పనికొచ్చేది.

ఫోర్ట్ మైయర్స్‌కు ఆ గడువు మంగళవారం రాత్రి అనుకుని వెనక్కి లెక్క వేశాం. అవతలి హోమ్‌లో మనుషులను దించి, మంచాల మీద పడుకోబెట్టడానికి సగం పూట. దారిలో నాలుగైదు గంటలు, ఎందుకంటే బస్సు మధ్యలో ఆగాలి, మనిషి మనిషికీ చూసుకోవాలి. ఎక్కించడానికి సగం పూట. వీల్‌చైర్‌ను లిఫ్ట్ మీద ఎక్కించి, నాలుగు పట్టీలు బిగించి, పేరు, మందుల సంచీ, చేతి బ్యాండ్ సరిచూసుకునే పనిని తొందరపెట్టడానికి కుదరదు. అంతకు ముందు బస్సులు రావాలి. కలిపితే ఒక పగలూ ఒక రాత్రీ. అంటే సోమవారం మధ్యాహ్నం లోపల ఔననో కాదనో చెప్పేయాలి.

సోమవారం మధ్యాహ్నానికి గీత టాంపా దగ్గరే ఉంది. టాంపా బేకు 5 నుంచి 10 అడుగుల ఉప్పెన అన్నారు. మా ఫోర్ట్ మైయర్స్ వైపు, ఎంగిల్‌వుడ్ నుంచి బోనిటా బీచ్ దాకా, 4 నుంచి 7 అడుగులు. టాంపా విషయంలో సందేహానికి తావు లేదు. కౌంటీ జోన్ ఏను ఖాళీ చేయమంది, మేం మధ్యాహ్నమే మొదలుపెట్టి రాత్రికల్లా తీరానికి దూరంగా లోపలున్న లేక్‌లాండ్‌లో ఒక హోమ్‌కు చేర్చాం. ఫోర్ట్ మైయర్స్‌లో మాత్రం ఇంకా ఏ ఆదేశమూ లేదు. అక్కడి మేనేజర్ అడిగింది న్యాయమైన ప్రశ్నే: సాయంత్రం ఐదు గంటల బులెటిన్ దాకా ఆగితే ఏం పోతుంది?

పూర్తి బులెటిన్లు ఆరు గంటలకు ఒకటి వస్తాయి. ఆగే ప్రతి బులెటిన్‌తో సూచన కాస్త మెరుగవుతుంది, నిజమే. ఇరవై నాలుగు గంటల ముందు ఇచ్చే దారి సగటున 70 కిలోమీటర్ల లోపే తప్పుతుంది, ఐదు రోజుల ముందైతే దాదాపు 300. ముప్పై ఏళ్ల కిందటితో పోలిస్తే మూడు రోజుల ముందు చెప్పే దారిలో తప్పు మూడో వంతుకు తగ్గింది. ఇంత మెరుగైన శాస్త్రం చేతిలో ఉన్నప్పుడు ఆగాలనిపించడం సహజం. కానీ కచ్చితంగా తెలిసే ఆ ఇరవై నాలుగు గంటలే నాకు పని చేయడానికి కావలసిన ఇరవై నాలుగు గంటలు. అంతా తేలిపోయాక మిగిలే సమయంలో మంచం మనుషులను కదిలించలేను. అందుకే ఫోర్ట్ మైయర్స్‌కు, తుఫాన్ల సీజన్ మొదలయ్యే జూన్‌లోనే ఒక హద్దు రాసి పెట్టుకున్నాం: ఆరడుగుల నీటికి 10 శాతం అవకాశం కనిపించి, గాలి తాకే తొలి గంటకు ముప్పై ఆరు గంటల్లోపు సమయం ఉంటే కదలాలి. గీత ఎక్కడుందో ఆ వాక్యంలో కావాలనే రాయలేదు. జూన్‌లో ఏ టెన్షన్ లేనప్పుడు రాసుకున్న అంకెను సెప్టెంబర్‌లో టీవీ చూస్తూ మార్చకూడదన్నది మా నియమం.

సోమవారం సాయంత్రం లోపే బస్సులు ఖాయం చేసుకున్నాం. బస్సుల కంపెనీ ముందు ఒప్పుకున్నన్ని ఇవ్వలేనంది, ఆ సంగతి చివర్లో చెప్తాను. మంగళవారం తెల్లవారుజామున ఎక్కించడం మొదలైంది. గమ్యం తూర్పున, ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల మీదుగా వెళ్లే ఆలిగేటర్ ఆలీ హైవే దాటాక బ్రోవర్డ్ కౌంటీలో. ఉత్తరాన ఉన్న పొరుగు కౌంటీలు సోమవారమే ఖాళీ చేయమన్నాయి. ఫోర్ట్ మైయర్స్ ఉన్న లీ కౌంటీ ఆదేశం మంగళవారం ఉదయం వచ్చింది, ఆ సమయానికి మా మొదటి బస్సు సగం నిండింది. ఆ ఆదేశం ఎప్పుడు రావాల్సిందన్న దాని మీద తర్వాత పత్రికల్లో చాలా రాశారు.

మంగళవారం, బుధవారం

మంగళవారం తెల్లవారుజామున ఇయాన్ క్యూబా పశ్చిమ కొస పినార్ డెల్ రియో మీదుగా దాటింది, దేశమంతా కరెంటు పోయింది. మా వాళ్లు బ్రోవర్డ్ చేరిన సాయంత్రం అక్కడ సుడిగాలులు! తుఫాను కేంద్రం వందల కిలోమీటర్ల అవతల ఉన్నా, బయటి మేఘాల పట్టీల్లో పుట్టిన సుడిగాలి నార్త్ పెర్రీ విమానాశ్రయంలో చిన్న విమానాలను తిరగేసింది. కొత్త చోట దిగీ దిగకముందే అందరినీ కిటికీలకు దూరంగా కారిడార్‌లో కూర్చోబెట్టారు. ఒకావిడ వెనక్కి తీసుకెళ్లమని గొడవ పెట్టింది. ఏ చోటూ సున్నా ప్రమాదం కాదని కుటుంబాలకు ముందే చెప్పి ఉండటం ఆ రాత్రి పనికొచ్చింది.

బుధవారం ఉదయానికి ఇయాన్ అనూహ్యంగా బలపడింది. గాలి కొంతసేపు గంటకు 260 కిలోమీటర్లకు, అంటే అన్నిటికన్నా పైదైన ఐదో కేటగిరీకి చేరిందని తర్వాతి విశ్లేషణలో తేలింది. ఫోర్ట్ మైయర్స్ వైపు ఉప్పెన అంచనా 12 నుంచి 18 అడుగులు అయింది. సోమవారం 4 నుంచి 7, బుధవారం 12 నుంచి 18. మధ్యాహ్నం 3 గంటల 5 నిమిషాలకు కాయో కోస్టా దగ్గర తీరం దాటింది. ఫోర్ట్ మైయర్స్ బీచ్‌లో నేల మీద 10 నుంచి 15 అడుగుల నీళ్లు నిలిచాయి. శానిబెల్ దీవికి వెళ్లే రోడ్డు చాలా చోట్ల తెగిపోయింది. అదే సమయంలో టాంపా బేలో నీళ్లు వెనక్కి పోయాయి, అడుగు బయటపడితే జనం అందులో నడిచి ఫోటోలు దిగారు. తుఫానుకు కుడి వైపున గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది, ఎడమ వైపున ఒడ్డు నుంచి లాగేస్తుంది. గీత టాంపాకు ఉత్తరాన ఉండుంటే ఈ రెండు ఊళ్ల కథ తారుమారయ్యేది.

మా ఫోర్ట్ మైయర్స్ బిల్డింగ్‌లోకి మోకాళ్ల లోతు నీళ్లు వచ్చాయి. మోకాళ్ల లోతే కదా అనిపించవచ్చు. కింది అంతస్తులో మంచం మీదున్న మనిషికి, నేల మీదున్న ఆక్సిజన్ యంత్రానికి, కరెంటు ప్యానెల్‌కు మోకాళ్ల లోతు చాలు. జనరేటర్ ఎత్తు దిమ్మె మీద ఉంది కాబట్టి బతికింది, కానీ దాన్ని వాడుకోవడానికి లోపల ఎవరూ లేరు. ఇంకో సంగతి ఎవరి ప్రణాళికలోనూ సరిగ్గా లేదు: మంచినీళ్లు. నీటి గొట్టాలు పగిలి ఆ ప్రాంతంలో పెద్ద ఆసుపత్రులే కుళాయి నీళ్లు లేక రోగులను వేరే చోట్లకు పంపాయి. మా బిల్డింగ్ పూర్తిగా పొడిగా ఉండి ఉన్నా, నీళ్లు లేకుండా వంద మంది వృద్ధులను అక్కడ ఎన్నో రోజులు ఉంచగలిగేవాళ్లం కాదు.

టాంపా హోమ్ చెక్కు చెదరలేదు. లేక్‌లాండ్‌లో మాత్రం గాలికి కరెంటు పోయింది. మా వాళ్లు జనరేటర్ మీద ఉండి, ఆ వారాంతానికి తిరిగొచ్చారు.

లెక్కలు తేల్చుకోవడం

తర్వాత టాంపా కుటుంబాల నుంచి వచ్చిన ఫోన్లు మర్యాదగా లేవు. "మీ సూచన అబద్ధం, మా అమ్మను ఊరికే హింస పెట్టారు" అన్నాడు ఒకాయన. ఆయన కోపాన్ని తప్పు పట్టను. ఆ ప్రయాణం తర్వాత ఆయన తల్లి చాలా రోజులు తిండి సరిగ్గా తినలేదు. ఫోర్ట్ మైయర్స్ నుంచి వెళ్లినవాళ్లు నెలల తరబడి ఇంకొకళ్ల ఇంట్లో ఉన్నట్టే ఉన్నారు. ఆ నెలల్లో కొందరు చనిపోయారు. ఏ ఒక్క మరణాన్నీ తరలింపు ఖాతాలో వేయలేం, కొట్టిపారేయనూలేం. ఇయాన్ వల్ల మొత్తం 150 మందికి పైగా చనిపోయారు, నేరుగా తుఫాను దెబ్బకు పోయినవాళ్లలో ఎక్కువమందిని తీసుకెళ్లింది ఉప్పెనే, అందులోనూ లీ కౌంటీలోనే ఎక్కువ. చాలామంది వయసు మళ్లినవాళ్లు. చార్లీని చూశాం, ఇదీ అంతే అనుకుని ఇళ్లలో ఉండిపోయిన వాళ్లున్నారు. చార్లీ చిన్న తుఫాను, గాలి భీకరమే గానీ ఉప్పెన ఆరేడు అడుగులకే ఆగింది. ఇయాన్ కేటగిరీ అదే అయినా చాలా పెద్దది. కేటగిరీ అంకె గాలి వేగాన్ని మాత్రమే చెబుతుంది, తుఫాను ఎంత వెడల్పో, ఎన్ని నీళ్లు తెస్తుందో చెప్పదు. ఆ అంకెను వార్తల్లో అంత పెద్దగా చూపించడం మానేస్తే మంచిదని నా అభిప్రాయం.

మాది బందరు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత పుట్టి, దాని కథలు వింటూ పెరిగినవాణ్ణి. మా పెద్దవాళ్లు తుఫాను గురించి మాట్లాడితే గాలి మాట తర్వాత, ముందు నీళ్లు ఎంతదాకా వచ్చాయన్నదే. ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాళ్లకు కూడా ఆ అలవాటు లేదు, కిటికీలకు ప్లైవుడ్ కొట్టడమే పెద్ద పని అనుకుంటారు.

మరి సూచన తప్పిందా? ముక్కలు చేసి చూడాలి. దారి విషయంలో ఆఖరి రోజు సూచన బాగుంది, మూడు నాలుగు రోజుల ముందు గీత ఉత్తరానికి పోయినా చెప్పిన అనిశ్చితి లోపలే ఉంది. బలం విషయంలో, ఒక్కసారిగా బలపడటాన్ని ముందే పట్టుకోవడం ఇప్పటికీ కష్టమే, కాబట్టి నా లెక్కల్లో ఎప్పుడూ చెప్పిన కేటగిరీకి ఒకటి కలుపుకుంటాను. ఉప్పెన అంకె దారి మీద, బలం మీద, వెడల్పు మీద ఆధారపడుతుంది, అందుకే అది అన్నిటికన్నా ఆలస్యంగా స్థిరపడుతుంది. ఒక్క అంకె చూస్తే మోసపోతాం, అవకాశాల మ్యాపు చూస్తే ఆదివారమే హెచ్చరిక ఉంది. ఇక వాట్సాప్‌లో తిరిగే పది రోజుల ముందటి రంగురంగుల మోడల్ బొమ్మలను సూచనలుగా నేను లెక్కలోకి తీసుకోను. అవి ఒక మోడల్ ఒక పూట చేసిన లెక్క, ఆరు గంటల తర్వాత అదే మోడల్ ఇంకోటి చెబుతుంది.

2024లో ఇదంతా ఇంకోసారి పరీక్షకు వచ్చింది. సెప్టెంబర్ 26న హెలీన్ తుఫాను టాంపాకు వంద మైళ్లకు పైగా దూరంలో గల్ఫ్‌లో దాటిపోయి, ఉత్తరాన పెర్రీ దగ్గర తీరం దాటింది. గీత టాంపాకు దూరం, కోన్ కూడా దూరమే. అయినా టాంపా బేలో రికార్డు ఉప్పెన వచ్చింది. ఇయాన్‌కు ఊరికే తిప్పారని తిట్టిన టాంపా హోమ్‌ను హెలీన్‌కు మళ్లీ ఖాళీ చేయించాం, ఈసారి పార్కింగ్ అంతా ఉప్పునీళ్లు నిండాయి. రెండు వారాలకే మిల్టన్. హరికేన్ సెంటర్ మొట్టమొదటి బులెటిన్‌లోనే చెప్పిన చోటుకు 20 కిలోమీటర్ల తేడాలో, అక్టోబర్ 9 రాత్రి సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. దారి విషయంలో అంతకన్నా గొప్ప సూచన ఉండదు. అయినా టాంపా బే వాసికి ఆ 20 కిలోమీటర్లే సర్వస్వం. కేంద్రం దక్షిణాన దాటడంతో ఇయాన్‌లో లాగే నీళ్లు వెనక్కి పోయాయి. వర్షం మాత్రం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలు దాటింది.

ఇళ్లలో ఉండే మనవాళ్ల గురించి

ప్రతి తుఫానుకూ టాంపా తెలుగు కుర్రాళ్ల నుంచి ఒకే రకం ఫోన్ వస్తుంది. మిల్టన్‌కు వచ్చినది ఇది.

"అన్నా, అందరూ అట్లాంటా వెళ్లిపోతున్నారు. మేమూ బయల్దేరమంటావా?"

"మీ జోన్ ఏంటి తమ్ముడూ?"

"జోన్ అంటే?"

ఇల్లు వెస్లీ చాపెల్‌లో, తీరానికి దూరంగా, కొత్త నిబంధనల ప్రకారం కట్టిన కాంక్రీటు దిమ్మెల గోడలు, ఏ ఎవాక్యుయేషన్ జోన్‌లోనూ లేదు. ఇక్కడి అత్యవసర విభాగాల వాళ్లందరూ చెప్పే సూత్రం ఒకటే: నీటి నుంచి పారిపో, గాలి నుంచి దాక్కో. అతనికి పారిపోవాల్సిన నీళ్లు లేవు. చంటిపిల్లతో, పెట్రోలు దొరకని హైవే మీద పద్దెనిమిది గంటలు ఇరుక్కోవడం కన్నా ఇంట్లో ఉండటమే క్షేమం. అలాంటివాళ్లు రోడ్డెక్కకపోతే నిజంగా ఖాళీ చేయాల్సిన తీరం వాళ్లకు దారి దొరుకుతుంది. మన ఇళ్లలో బియ్యం, పప్పు, ఆవకాయ ఎప్పుడూ నెలకు సరిపడా ఉంటాయి. ఉండనిది నీళ్లు. మనిషికి రోజుకో గ్యాలన్ చొప్పున వారానికి సరిపడా పట్టుకోమని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల బీపీ, షుగర్ మాత్రలు ముందే తెచ్చుకోమని, జనరేటర్ కొంటే గ్యారేజీలో కాకుండా ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టమని చెప్పాను. తుఫాను పోయాక కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

ప్రణాళికలో మార్చినవి

ఫైల్లో ఆ పాత వాక్యం పోయింది. ఇప్పుడు రెండు హోమ్‌లకూ రెండేసి గమ్యాలు ఉన్నాయి, ఒకటి లోపలికి, ఒకటి అవతలి తీరానికి. ఏదీ ఇదే తీరం మీద లేదు. తాగునీటికి విడిగా ట్యాంకరు ఒప్పందం ఉంది. జూన్‌లో కుటుంబాలకు పంపే ఉత్తరంలో, ఎన్ని శాతం అవకాశానికి కదులుతామో అంకెతో సహా రాస్తున్నాం. పదింట ఒక అవకాశానికి కదిలితే చాలాసార్లు నీళ్లు రావని, ఆ ప్రయాణాలు ఊరికే చేసినట్టు అనిపిస్తాయని కూడా ముందే రాస్తున్నాం. ఇద్దరు ముగ్గురు ఆ ఉత్తరం చదివి తమవాళ్లను తరలింపు జోన్ లేని వేరే హోమ్‌లకు మార్చుకున్నారు. అది మాకు నష్టమే, వాళ్లకు సరైన నిర్ణయం.

తేలకుండా మిగిలింది బస్సుల సంగతి. ఇయాన్‌కు మా బస్సుల కంపెనీ తక్కువ ఇవ్వడానికి కారణం తర్వాత తెలిసింది: తీరం వెంట ఉన్న ఎన్నో హోమ్‌లకు అవే బస్సులను రాసిచ్చింది. టాంపా నుంచి ఫోర్ట్ మైయర్స్‌కు దక్షిణాన ఉన్న నేపుల్స్ దాకా ఒకే తుఫాను అందరినీ ఒకే రోజు కదిలిస్తే ఆ కాంట్రాక్టు ఉన్నా లేనట్టే. ఇప్పుడు సగం బస్సులను ఉత్తరాన, లోపలున్న ఓకాలా వైపు కంపెనీ నుంచి తీసుకుంటున్నాం. తుఫాను రాకముందే, నాలుగు రోజుల ముందు పిలిస్తే వచ్చి నిలబడాలన్నది షరతు. పిలిచి వెనక్కి పంపినా డబ్బు కట్టాలి. యాజమాన్యం ఆ షరతుకు ఒక సీజన్‌కే ఒప్పుకుంది, వచ్చే జూన్‌లో మళ్లీ అడగాలి.